పొట్టి గుర్రం, పెద్ద వంశం

గోదావరి డెల్టా గుర్రాల నేల కాదు. వశిష్ఠ పాయకు ఒక గట్టున సఖినేటిపల్లి, ఎదురు గట్టున నరసాపురం ఉన్న ఈ తీరంలో వరి చేలు, కొబ్బరి తోటలు, వాటి మధ్య కాలవలు, ఏడాదిలో చాలా నెలలు తడి ఆరని ఒండ్రు మట్టి ఉండడం వల్ల దుక్కికి ఎద్దూ దున్నా, సరుకుకు పడవా సరిపోయాయి. గట్టి నేలనూ పొడి మేతనూ కోరే గుర్రానికి, బురదలో నానితే గిట్ట మెత్తబడి పుచ్చిపోయే గుర్రానికి, ఇక్కడ చేయడానికి పని దొరకలేదు. సఖినేటిపల్లి మండలంలోని అంతర్వేదిలో అశ్వరూఢాంబిక కొలువై ఉంది, జనం నోట ఆమె గుర్రాలక్క. కోనసీమలో గుర్రానికి దక్కిన స్థిరమైన చోటు బహుశా అదే. అందుచేత పందెపు గుర్రం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోదలచిన కోనసీమ పాఠకుడు తెలుగు నేల మీద హైదరాబాదు దాకా, ఆ గుర్రాల వంశం వెతుక్కుంటూ కెనడా దాకా పోవలసి ఉంటుంది.

హైదరాబాదులో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలై, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో 1886లో మలక్‌పేటకు మారాయి. దక్కన్ డెర్బీ, గోల్కొండ డెర్బీ వంటి పెద్ద పందేలు నేటికీ అక్కడే సాగుతున్నాయి. ఆ మైదానంలో పరుగెత్తే గుర్రాలు థరోబ్రెడ్ అనే జాతికి చెందినవి. పదిహేడో శతాబ్దం చివరా పద్దెనిమిదో శతాబ్దం మొదటా ఇంగ్లండుకు తూర్పు దేశాల నుంచి వచ్చిన మగ గుర్రాలను అక్కడి ఆడ గుర్రాలతో కలిపి, కేవలం వేగం కోసం తరతరాలుగా ఏరుతూ తయారుచేసిన జాతి ఇది. 1791లో వెదర్‌బీ కుటుంబం ఈ గుర్రాల వంశావళిని గ్రంథస్థం చేయడం మొదలుపెట్టింది. దాన్ని స్టడ్ బుక్ అంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ అందులో నమోదైతేనే పిల్లకు థరోబ్రెడ్‌గా గుర్తింపు వస్తుంది గనుక, ఈ జాతి రెండు శతాబ్దాలకు పైగా బయటి రక్తం దాదాపు సోకకుండా తనలో తానే పెరుగుతూ వస్తోంది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోము దారి పట్టుకుని వెనక్కి వెళితే, నేటి మగ థరోబ్రెడ్లలో సుమారు 95 శాతం డార్లీ అరేబియన్ అనే ఒకే గుర్రం దగ్గరికి చేరతాయి. ఇంత ఇరుకైన కొలనులో ఒక్క చేప పెద్దదైతే నీళ్లన్నీ దానివే అవుతాయి. ఇరవయ్యో శతాబ్దంలో అలాంటి స్థానం నార్తర్న్ డాన్సర్ అనే గుర్రానికి దక్కింది.

ఆ గుర్రం 1961 మే 27న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, ఓషావా పట్నం దగ్గర ఈ.పి. టేలర్ అనే పారిశ్రామికవేత్తకు చెందిన విండ్‌ఫీల్డ్స్ ఫారంలో పుట్టింది. దాని పుట్టుకలో యాదృచ్ఛికత చాలా ఉంది. తల్లి నటాల్మా మంచి పరుగు గల గుర్రమే గాని, 1960 వసంతంలో పెద్ద పందేనికి సిద్ధమవుతుండగా మోకాలి ఎముక చిట్లింది. ఇక పరిగెత్తించలేక, ఋతువు దాటిపోతున్నా సరే అని జూన్ చివర్లో నియర్‌క్టిక్ అనే మగ గుర్రంతో దాటించారు. గుర్రానికి చూడి కాలం పదకొండు నెలలు కావడం వల్ల పిల్ల మే చివరికి గాని పుట్టలేదు. పందేల లెక్కలో ఉత్తరార్ధగోళంలోని గుర్రాలన్నింటికీ జనవరి 1నే పుట్టినరోజు. అంటే మేలో పుట్టిన పిల్ల ఫిబ్రవరిలో పుట్టిన దానితో సమాన వయస్కురాలిగా పోటీపడాలి, నిజానికి మూడు నెలలు చిన్నదైనా. ఆడ గుర్రం పగటి వెలుగు పెరిగే కాలంలోనే ఎదకు వచ్చే జంతువు. అందుకే నేటి ఫారాల్లో డిసెంబరు నుంచే కొట్టంలో రోజుకు పదహారు గంటలు వెలుగు ఉండేలా దీపాలు వెలిగించి, వసంతం ముందే వచ్చిందని ఆడ గుర్రం ఒంటిని నమ్మించి, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఈతలు వచ్చేలా చూస్తారు.

నార్తర్న్ డాన్సర్ ఆలస్యంగా పుట్టడమే గాక పొట్టిగా కూడా పెరిగింది. ఎదిగాక కూడా మెడ మొదలు దగ్గర దాని ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు దాటలేదు. ఈ జాతికి మామూలు ఎత్తు అంతకు మరో రెండంగుళాలు ఎక్కువ. టేలర్‌కు ఒక పద్ధతి ఉండేది: ఏటా తన ఫారంలోని ఏడాది పిల్లలన్నింటికీ ముందే ధర కట్టి, వచ్చినవారికి చూపించి, ఎవరూ కొననివాటిని తానే ఉంచుకునేవాడు. 1962లో ఈ పొట్టి పిల్లకు కట్టిన ధర 25,000 డాలర్లు. చూసినవాళ్లు చూసి వెళ్లిపోయారు. రెండు దశాబ్దాల తర్వాత దీని కొడుకుల కోసం కోట్ల డాలర్లు గుమ్మరించిన ప్రపంచం, ఆ రోజు దీన్ని కొనకపోవడానికి కారణం ఎత్తు తప్ప మరొకటి కనిపించదు. పశువును కంటితో బేరీజు వేయడంలో ఉన్న పరిమితికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ దొరకడం కష్టం.

1963 ఆగస్టు 2న ఫోర్ట్ ఈరీ మైదానంలో మొదటిసారి పరుగెత్తి గెలిచింది. ఆ రోజు దాన్ని తోలిన యువ జాకీ రాన్ టర్కాట్ పదేళ్ల తర్వాత సెక్రటేరియట్ అనే మరో మహా అశ్వం మీద చరిత్రకెక్కాడు. రెండేళ్ల వయసులో తొమ్మిది పందేల్లో ఏడు గెలిచిన ఈ గుర్రానికి ఆ చలికాలంలోనే గిట్ట చీలింది. గిట్ట అనేది మన గోరు లాగే కెరాటిన్‌తో తయారై పైనుంచి కిందికి నెమ్మదిగా పెరిగే భాగం గనుక, పగులు దానంతటది పోవాలంటే నెలలు పడుతుంది. అంత సమయం లేక పగులు మీద రబ్బరు పట్టీ అతికించి పరుగుకు సిద్ధం చేశారు.

1964 మే 2న కెంటకీ డెర్బీ జరిగింది. మైలుంపావు, అనగా రెండు కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరం నడిచే ఈ పందెం మూడేళ్ల గుర్రాలకు అమెరికాలో అన్నింటికంటే పెద్దది. అంతకుముందు నార్తర్న్ డాన్సర్‌ను తోలిన ప్రసిద్ధ జాకీ బిల్ షూమేకర్, డెర్బీకి మాత్రం పొడవూ ఠీవీ ఉన్న హిల్ రైజ్‌నే ఎంచుకున్నాడు; పొట్టి గుర్రం బిల్ హార్టాక్‌కు దక్కింది. ఆఖరి మలుపు తర్వాత హార్టాక్ ముందుకు దూకించగా, హిల్ రైజ్ పెద్ద పెద్ద అంగలతో వెనకే తరుముకొచ్చింది. గెలుపు గీత దగ్గర తేడా ఒక మెడ మాత్రమే. పట్టిన సమయం సరిగ్గా రెండు నిమిషాలు, అప్పటికి అది కొత్త రికార్డు. 1973లో సెక్రటేరియట్ వచ్చేదాకా ఎవరూ దాన్ని చెరపలేదు. రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ కూడా గెలిచింది గాని, మైలున్నర దూరం గల బెల్మంట్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. జూన్ 20న సొంత దేశంలో క్వీన్స్ ప్లేట్ పందేన్ని ఏడు గుర్రాల నిడివి తేడాతో గెలిచాక, మళ్లీ పరుగెత్తలేదు. మొత్తం 18 పందేలు, 14 గెలుపులు, రెండుసార్లు రెండో స్థానం, రెండుసార్లు మూడో స్థానం: పందెపు జీవితం ఏడాది కూడా నిండకుండానే ముగిసింది.

ముగించింది ముందు కాలిలోని ఒక స్నాయువు. గుర్రం కాలికి మోకాలు దాటాక కింద కండ అనేది దాదాపు లేదు. పైనున్న కండను గిట్టతో కలిపేది పొడవైన స్నాయువులే. దౌడులో ఒక్కో అడుగు నేల మీద పడినప్పుడు గుర్రం బరువు, అనగా 450 నుంచి 500 కిలోలు, వేగం వల్ల రెండింతలకు పైగా పెరిగి ఒకే కాలి మీద పడుతుంది. అప్పుడు వెనకవైపు స్నాయువు సాగి, పాదం లేచేటప్పుడు తిరిగి ముడుచుకుని, దాచుకున్న శక్తిని పరుగుకు ఇస్తుంది. గుర్రం అంత దూరం అంత తక్కువ ఖర్చుతో పరుగెత్తగలగడానికి ఈ స్ప్రింగు పనే ముఖ్య కారణం. చిక్కేమిటంటే, పందెపు వేగంలో ఈ స్నాయువు తెగిపోయే హద్దుకు బాగా దగ్గరగా సాగుతుంది, పదేపదే సాగడం వల్ల లోపల 45 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పేనిన కొబ్బరి తాడులో ఒక్కో పీచు పుటుక్కున తెగుతూ, పైకి ఏమీ తెలియకుండా తాడు సన్నబడినట్టు, కొల్లాజెన్ పోగులు కొన్ని కొన్నిగా తెగి, ఒకరోజు వాపై బయటపడతాయి. రక్తప్రసారం తక్కువగల భాగం గనుక మానడానికి నెలలు పడుతుంది, మానినా కొత్తగా వచ్చే కణజాలానికి మునుపటి సాగుడు ఉండదు. నేటికీ పందెపు గుర్రాలను ఇంటికి పంపే గాయాల్లో ఇది ముఖ్యమైనది.

ఇంత ఒత్తిడి తెచ్చిపెట్టే వేగం ఎక్కడి నుంచి వస్తోందన్నది శరీరధర్మ శాస్త్రం చక్కగా వివరించగలిగిన విషయాల్లో ఒకటి. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకునే థరోబ్రెడ్ గుండె, దౌడులో 220 దాటుతుంది. మామూలప్పుడు ఎర్ర రక్తకణాల్లో పెద్ద భాగాన్ని ప్లీహం తనలో దాచుకుని, పరుగు మొదలవగానే ముడుచుకుని వాటన్నింటినీ నాళాల్లోకి వదులుతుంది. రక్తంలో కణాల పాలు 40 శాతం దగ్గర నుంచి 60 శాతం దాటిపోయి, గుర్రం తన రక్తాన్ని తానే చిక్కబరుచుకున్నట్టవుతుంది. మనుషుల క్రీడల్లో ఇదే ఫలితం కోసం బయటి నుంచి రక్తం ఎక్కించుకుంటే అది నేరం. దౌడులో ప్రతి అంగకూ ఒక ఊపిరి చొప్పున శ్వాస, అడుగు కలిసిపోయి నడుస్తాయి. కిలో బరువుకు నిమిషానికి వాడుకోగల ప్రాణవాయువు లెక్కన చూస్తే, మేటి మనిషి పరుగుకాడి కంటే మేటి గుర్రం రెట్టింపు.

ఈ యంత్రాంగం థరోబ్రెడ్లన్నింటికీ ఉన్నదే గనుక, ఒకటి పొట్టి దూరంలో, మరొకటి నిడుపు దూరంలో రాణించడానికి వేరే కారణం వెతకాలి. 2010లో డబ్లిన్‌లో ఎమెలిన్ హిల్ బృందం దానికి సంబంధించిన ఒక జన్యువును గుర్తించింది. కండ పెరుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేయించే ఆ జన్యువు గుర్రాల్లో ప్రధానంగా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిని సి అనీ టి అనీ పిలుస్తారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ సి రూపమే వస్తే కండ త్వరగా పెరిగి గుర్రం చిన్న దూరాలకు, రెండూ టి అయితే నిడుపు దూరాలకు, చెరొకటీ అయితే నడుమ దూరాలకు అనుకూలంగా ఉంటుంది. 2012లో అదే పరిశోధకుల బృందం మ్యూజియంలో భద్రపరచిన పాత ప్రసిద్ధ గుర్రాల ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చూడగా వాటిలో ఎక్కువగా కనిపించింది టి రూపమే. సి రూపం సుమారు మూడు వందల ఏళ్ల కిందట, జాతి పుట్టిన కాలంలో, ఒకే ఆడ గుర్రం ద్వారా ప్రవేశించి చాలాకాలం అరుదుగానే ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో నియర్‌క్టిక్ ద్వారా, అంతకంటే ఎక్కువగా దాని కొడుకు నార్తర్న్ డాన్సర్ ద్వారా వ్యాపించిందని వారు తేల్చారు. పందేల దూరం తగ్గుతూ, రెండేళ్ల గుర్రాల పందేలు పెరుగుతూ వచ్చిన కాలమూ అదే; మార్కెట్ ఏది కోరిందో దాన్ని ఈ వంశం ఇచ్చింది.

1965 వసంతంలో నార్తర్న్ డాన్సర్ విత్తనపు గుర్రంగా కొత్త పనిలోకి దిగింది. ఒక్కో ఆడ గుర్రానికి రుసుము 10,000 డాలర్లు. ఇది ఎంత కష్టమైన పనో బయటివారు ఊహించడం అరుదు. ఆడ గుర్రం ఎదకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ముందుగా తక్కువ విలువ గల మరో మగ గుర్రాన్ని కంచె అవతలికి తెచ్చి చూస్తారు. ఎదకు రాని గుర్రం చెవులు వెనక్కి వాల్చి తంతుంది, ఆ తన్ను లక్షల డాలర్ల గుర్రానికి తగలకూడదు. ఎద కుదిరాక, ఆడ గుర్రం తోకకు కట్టు చుట్టి, వెనక కాళ్లకు మెత్తని జోళ్లు తొడిగి, నలుగురు మనుషులు పట్టుకుని ఉండగా దాటిస్తారు. పొట్టి గుర్రానికి పొడవాటి ఆడ గుర్రాలతో ఇబ్బంది రాకుండా వాటిని కాస్త పల్లంలో నిలబెట్టవలసి వచ్చేది.

తొలి తరం పిల్లల్లోని వైస్‌రీగల్ 1968లో కెనడాలో ఆ ఏటి మేటి గుర్రమైంది. రెండో తరంలోని ఒక పిల్లను, వేరే పిల్లను చూడడానికి ఐర్లండు నుంచి వచ్చిన శిక్షకుడు విన్సెంట్ ఓబ్రయన్ చూసి మెచ్చగా, చార్లెస్ ఎంగెల్‌హార్డ్ 84,000 డాలర్లకు కొన్నాడు. దాని పేరు నిజిన్‌స్కీ. 1970లో ఇంగ్లండులో టూ థౌజండ్ గినీస్, డెర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచి త్రివిధ కిరీటం సాధించిన ఆ గుర్రం తర్వాత ఆ ఘనత ఇప్పటిదాకా మరొకదానికి దక్కలేదు. నార్తర్న్ డాన్సర్‌ను అమెరికాలోని మేరీలాండుకు మార్చి, 1970లో 32 వాటాలుగా విభజించి మొత్తం 24 లక్షల డాలర్లకు విలువ కట్టారు. ఒక వాటాదారుడికి ఏటా ఒక ఆడ గుర్రాన్ని దాటించుకునే హక్కు. గుర్రాన్ని కంపెనీ షేర్ల లాగా పంచే ఈ పద్ధతి అప్పటికే ఉన్నదే గాని, ఈ షేరు పెరిగినంతగా మరేదీ పెరగలేదు. 1981లో, దానికి ఇరవయ్యేళ్లు నిండినప్పుడు, నాలుగు కోట్ల డాలర్లకు కొంటామని వచ్చిన బేరాన్ని వాటాదారులు కాదన్నారు. 1980ల నడుమ ఒక్కసారి దాటించే రుసుము పది లక్షల డాలర్లకు చేరింది. చూడి నిలిచినా నిలవకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

ఆ కాలపు వేలంపాటల్లో ఐర్లండుకు చెందిన కూల్‌మోర్ బృందం, దుబాయి రాజకుటుంబం ఒకరితో ఒకరు పోటీపడి ధరలు ఎగదోశారు. 1983 జూలైలో కెంటకీలోని కీన్‌లాండ్ వేలంలో నార్తర్న్ డాన్సర్ కొడుకు ఒకటి కోటీ రెండు లక్షల డాలర్లకు ఆ రాజకుటుంబానికి చెందిన షేక్ మహమ్మద్‌కు దక్కింది. ఏడాది పిల్లకు కోటి డాలర్లు దాటడం అదే మొదలు. స్నాఫీ డాన్సర్ అని పేరు పెట్టిన ఆ గుర్రం ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు. విత్తనానికి ఉంచితే నాలుగు పిల్లలు పుట్టడమే గగనమైంది. దీనిలో విడ్డూరమేమీ లేదని జన్యుశాస్త్రం చెబుతుంది. పిల్లకు తండ్రి జన్యువుల్లో సగమే వస్తాయి, ఏ సగమన్నది ప్రతి పిల్లకూ వేరే పాచిక. ఎడిన్‌బరోలో అలస్టేర్ విల్సన్, ఆండ్రూ రాంబో 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం గుర్రాలు జీవితకాలంలో గెలుచుకునే డబ్బులోని తేడాల్లో వారసత్వం వాటా పది శాతం దగ్గరే. తక్కినదంతా మేత, శిక్షణ, జాకీ, ఏ పందేనికి దించాలన్న ఎంపిక వంటివాటిది. విత్తనపు రుసుము ఎక్కువ కాబట్టి జన్యువులూ మంచివే అయి ఉంటాయనుకోవడానికి ఆధారం బలహీనమని కూడా వారు చూపించారు. డబ్బున్నవారి ఆడ గుర్రాలే ఖరీదైన గుర్రం దగ్గరికి వస్తాయి, వాటి పిల్లలకు మంచి శిక్షకులే దొరుకుతారు, ఆ గెలుపులన్నీ తండ్రి ఖాతాలో పడతాయి.

అయినా నార్తర్న్ డాన్సర్ విషయంలో ఖాతా ఉత్త గాలి కాదు. ఇరవై రెండేళ్లలో పుట్టిన సుమారు 640 పిల్లల్లో 140కి పైగా ఉన్నత శ్రేణి పందేలు గెలిచాయి; ఇంకా ముఖ్యంగా, కొడుకులు తండ్రులుగానూ నిలిచారు. మైదానంలో దీని రికార్డును చెరిపిన సెక్రటేరియట్ 1973లో బెల్మంట్‌ను 31 నిడివుల తేడాతో గెలిచిన అసాధారణ గుర్రం, అయితే దాని కొడుకుల ద్వారా వంశం నిలవలేదు, కూతుళ్ల ద్వారానే ప్రభావం మిగిలింది. నార్తర్న్ డాన్సర్ కొడుకు సాడ్లర్స్ వెల్స్ బ్రిటన్, ఐర్లండులలో పద్నాలుగుసార్లు మేటి తండ్రి గుర్రమైంది, మనుమడు గెలీలియో పన్నెండుసార్లు. గెలీలియో కొడుకు ఫ్రాంకెల్ 2010 నుంచి 2012 దాకా 14 పందేలు పరుగెత్తి పద్నాలుగూ గెలిచింది. ఫ్రాంకెల్ తల్లి వైపు చూస్తే ఆమె తండ్రి డేన్‌హిల్, దాని తండ్రి డాంజిగ్, దాని తండ్రి మళ్లీ నార్తర్న్ డాన్సరే. తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఒకే పూర్వీకుడు. మన మేనరికాల లెక్కలు వేసే పెద్దలు దీన్ని వెంటనే పట్టుకుంటారు.

ఈ ప్రవాహం భారతదేశానికి కూడా చేరింది. నార్తర్న్ డాన్సర్ ముదిమిలో 1987లో పుట్టిన రజీన్ అనే కొడుకు 1990 ఎప్సమ్ డెర్బీలో అందరికంటే ఎక్కువ పందేలు తనమీదే కాయించుకుని, పరుగులో బాగా వెనకబడి పోయింది. ఇంగ్లండులో దాని మీద ఆశలు అంతటితో ముగిశాయి. అయితే ఉత్తర భారతంలోని ఉషా స్టడ్ ఫారానికి విత్తనపు గుర్రంగా వచ్చాక, అదే రజీన్ పలు సంవత్సరాలు దేశంలో మేటి తండ్రి గుర్రంగా నిలిచి, దాని సంతతి ముంబయి, బెంగుళూరు, హైదరాబాదు వంటి పందెపు కేంద్రాలకు విస్తరించింది. మైదానంలో ఓడినది వంశంలో గెలవడం ఈ రంగంలో అరుదేమీ కాదు, కాని రజీన్ అంత స్పష్టంగా చూపించినవి తక్కువే. పేరున్న ఒక్క విత్తనపు గుర్రం చేరినా, ఈతల సంఖ్య చిన్నదైన మన దేశంలో మొత్తం జాతి ముఖమే మారిపోతుంది.

ఒక మగ పశువు ఖండాంతరంలో జాతి ముఖాన్ని మార్చడానికి తెలుగు నేల తనదైన ఉదాహరణ కూడా ఇచ్చింది. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగం నుంచి బ్రెజిల్ చేరుతూ వచ్చి, నెల్లూరు పేరు మీదుగా నెలోరే అయ్యాయి. ఆ దేశపు మాంసపు మందల్లో నేడు అత్యధిక భాగం ఆ రక్తానివే. 1960ల మొదట్లో జరిగిన చివరి పెద్ద దిగుమతిలో వెళ్లిన ఒక ఆంబోతుకు ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే స్థిరపడింది, బ్రెజిల్‌లో దాన్ని నెలోరే జాతికి మూలపురుషుల్లో ముఖ్యమైనదిగా లెక్కిస్తారు. 2023లో అదే జాతికి చెందిన వియాటినా అనే ఆవుకు వేలంలో కట్టిన విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ గుర్రానికీ ఎద్దుకూ ఒక పెద్ద తేడా ఉంది: పశువుల్లో వీర్యాన్ని సన్నని స్ట్రాల్లో నింపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచి, ఆంబోతు చచ్చిన దశాబ్దాల తర్వాత కూడా వాడవచ్చు, కోనసీమ పల్లెలోని పశువైద్యశాల కూడా ఆ పనే చేస్తుంది. థరోబ్రెడ్లలో అది నిషిద్ధం. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను స్టడ్ బుక్ చేర్చుకోదు, కాబట్టి ప్రతి ఆడ గుర్రమూ మగ గుర్రం దగ్గరికి స్వయంగా వెళ్లవలసిందే. నిషేధానికి జాతి స్వచ్ఛత అనే మాట చెబుతారు గాని, తండ్రి ఎవరో డీఎన్ఏ పరీక్ష ఖచ్చితంగా తేల్చే ఈ కాలంలో ఆ వాదనలో పస కొంతే. సరుకు కొరతగా ఉంటేనే ధర నిలుస్తుందన్నది అసలు లెక్క. ఆస్ట్రేలియాలో ఈ నిషేధాన్ని ఫెడరల్ కోర్టులో సవాలు చేసిన కేసు 2012లో వీగిపోయింది.

అనుకోకుండా ఈ నిషేధం జాతికి కొంత మేలు కూడా చేసింది, ఒకే గుర్రం వేలకు వేల పిల్లలను కనకుండా ఆపింది. నార్తర్న్ డాన్సర్ కాలంలో ఏటా ముప్పై చిల్లర పిల్లలు పుట్టడమే రివాజు. తర్వాత అల్ట్రాసౌండ్‌తో అండం విడుదలయ్యే సమయాన్ని గంటల తేడాలో కనిపెట్టగలగడం, ఉత్తరార్ధగోళంలో ఋతువు ముగియగానే గుర్రాన్ని విమానంలో ఆస్ట్రేలియాకు పంపి అక్కడి వసంతంలో మరో విడత దాటించడం వచ్చాక, ఆ సంఖ్య నూట యాభై, రెండు వందలు అయింది. 2020లో డబ్లిన్ పరిశోధకులు పదివేలకు పైగా థరోబ్రెడ్ల జన్యువులను పరిశీలించి, నాలుగున్నర దశాబ్దాలుగా దగ్గర రక్త సంబంధం పెరుగుతూనే ఉందని, వాటిలో 97 శాతం గుర్రాల వంశావళిలో నార్తర్న్ డాన్సర్ ఉందని కనుగొన్నారు. ఒకే పూర్వీకుడి జన్యు ముక్క తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ పిల్లకు చేరినప్పుడు, ఆ ముక్కలో దాగున్న లోపం బయటపడుతుంది. రక్త సంబంధం ఎక్కువైన పిల్లలు అసలు పందెపు మైదానం దాకా రాకుండానే మిగిలిపోయే అవకాశం పెరుగుతుందని తర్వాతి అధ్యయనాలు చూపాయి.

అమెరికాలో థరోబ్రెడ్ల స్టడ్ బుక్‌ను నిర్వహించే జాకీ క్లబ్ ఈ కారణంతోనే 2020లో ఒక నిబంధన తెచ్చి, ఆ ఏడాది నుంచి పుట్టిన మగ గుర్రాలు విత్తనానికి వచ్చినప్పుడు ఏటా 140 ఆడ గుర్రాలకు మించి దాటరాదని హద్దు పెట్టింది. కెంటకీలోని మూడు పెద్ద ఫారాలు కోర్టుకు వెళ్లాయి, రాష్ట్ర శాసనసభలో ఆ హద్దుకు వ్యతిరేకంగా బిల్లు వచ్చింది, 2022 ఫిబ్రవరిలో క్లబ్ నిబంధనను ఉపసంహరించుకుంది. అందువల్ల ఏ ఆడ గుర్రాన్ని ఏ మగ గుర్రం దగ్గరికి పంపాలన్న నిర్ణయం నేటికీ యజమానిదే. జన్యు పరీక్షలు చేసే సంస్థలు రెండు గుర్రాల డీఎన్ఏ పోల్చి, పుట్టబోయే పిల్లలో రక్త సంబంధం ఎంత ఉండగలదో ముందే చెప్పగలుగుతున్నాయి. ఆ అంకెను చూసి మనసు మార్చుకునే యజమానులూ ఉన్నారు, వేలంలో పలికే ధరను చూసి పాత దారినే పోయేవారూ ఉన్నారు.